ఆయమ్మ తోలిన గోరింకలు

ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను డాక్టర్ల దగ్గర నుంచి రోగుల దాకా అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. సొంత పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మేడ మీది మగవాళ్ళ వార్డులో పక్కలు మార్చడం, కదల్లేనివాళ్ళను అటూ ఇటూ తిప్పడం, సూదికి గింజుకునేవాళ్ళను అదిమి పట్టుకోవడం ఆమె పని. ఎడమ మణికట్టు కాస్త వంకర. బకెట్టు ఎత్తినప్పుడల్లా నీళ్ళు ఒక పక్కకు ఒలికేవి. ఎవరైనా అడిగితే, "మా ఆయన తొడిగిన గాజు" అని నవ్వేది.

ఆ ఆయన ఇప్పుడు ఆమె వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు. ప్రయాణికుల దగ్గర వెన్నపూస, ఇంట్లో కొరకంచు. కూర చల్లారితే కంచం గోడకు తగిలేది. కంచం అందకపోతే చెయ్యి ఆమెకు తగిలేది. కూతురి మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఎనిమిది నెలల కిందట పక్షవాతంతో కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. పోగా మిగిలింది ఒక్కటే మాట: "ఏయ్!" పెళ్ళైన నాటి నుంచి భార్యను పిలిచిన పిలుపు అదే. దాహమేస్తే ఏయ్, పక్క తడిస్తే ఏయ్.

ఆసుపత్రి ముందు వరసగా పన్నెండు చెట్లు ఉండేవి. చలి మొదలైన వారానికి వాటి మీదకు గోరింకలు దిగాయి. సాయంత్రం అయిదున్నరకు పదో ఇరవయ్యో వచ్చి కరెంటు తీగల మీద కూర్చునేవి. కాసేపటికి నాలుగు దిక్కుల నుంచీ గుంపులు గుంపులుగా వచ్చి, ఆకాశమంతా ఒక్కసారి చుట్టి, చెట్లలోకి కూలబడేవి. ఆకు కనపడేది కాదు. అరగంట పాటు ఎదుటి మనిషి మాట వినపడనంత గోల. తర్వాత కుళాయి కట్టేసినట్టు ఒక్కసారిగా నిశ్శబ్దం. "ఈ ఆసుపత్రిలో టైముకొచ్చేది ఇవొక్కటే" అని రోగులు నవ్వుకునేవారు.

బస్సాయన ఆ వేళకు ఎడమ మోచేతి మీద లేచి, అద్దానికి ముఖం ఆనించి చూసేవాడు. "ఏయ్... ఏయ్..." అనేవాడు మెల్లగా, చంటిపిల్లను నిద్రలేపుతున్నట్టు.

మొదటిసారి విన్నప్పుడు తననే పిలిచాడనుకుని ఆయమ్మ చేతిలో జావ గిన్నెతో దగ్గరికి వెళ్ళింది. "ఏం కావాలి?" అంది. అతను తల తిప్పలేదు. అద్దం మీద వేళ్ళు ఆడిస్తూ బయటికే చూశాడు. కళ్ళలో నీళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ మాట అంత మెత్తగా ఆ నోట వస్తుందని ఆమెకు తెలియదు. అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూట జావ చల్లారే దాకా ఎవరూ పట్టలేదు.

ఆ నెలలోనే రోగిని చూడడానికి వచ్చిన ఒక ముసలావిడ రెట్టల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సూపరింటెండెంటు పక్షుల్ని తోలే మనిషిని పిలిపించాడు. శబ్దాన్ని రికార్డు చేసి వినిపించే ఒక పెట్టె, దానికో పెద్ద లౌడ్‌స్పీకరు తెచ్చాడతను. ప్రాణభయంతో అరిచే తోటి పక్షి కేక వినపడిన చోట గుంపు నిలవదనీ, ఆ కేక ఇక్కడి పక్షిదే అయితే మరీ మంచిదనీ చెప్పాడు. వలేసి ఒక గోరింకను పట్టాడు. "నేను మైకు పట్టుకోవాలి. దీన్ని ఎవరైనా పట్టుకోండి" అన్నాడు.

వాచ్‌మన్ వెనక్కి తగ్గాడు. తోటమాలి తన చెయ్యి నొప్పన్నాడు.

"ఇలా ఇవ్వు" అంది ఆయమ్మ.

"కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయమ్మా. ఊరుకుంటే కాస్త నొక్కు."

ఆమె నొక్కింది. గోరింక పసుపు ముక్కు బార్లా తెరిచి అరిచింది. పైన కొమ్మల్లో ఉన్న నాలుగు పక్షులూ లేచిపోయాయి. మధ్యలో బండి హారన్ మోగింది కాబట్టి మళ్ళీ కావాలన్నాడు పెట్టెవాడు. రెండోసారీ నొక్కింది. మూడోసారి అరుపు సగంలో ఆగింది. తల వాలిపోయింది.

"చచ్చిందా?" అన్నాడు వాచ్‌మన్.

"సరిపోయిందిలే" అన్నాడు పెట్టెవాడు. ఆమె దాన్ని చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్ళింది.

రోజూ సాయంత్రం ఆ పెట్టెను చెట్ల కింద తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ పని కూడా తనే చేస్తానంది ఆయమ్మ. అది తెలిసి కూతురు తను పనిచేసే దర్జీ కొట్టు నుంచి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాన్న పొద్దున్నుంచీ ఆ పక్షుల కోసమే చూస్తుంటాడు. ఇంకెవరితోనైనా చేయించమని చెప్పు."

"ఎవరు చేసినా పోయేవేగా."

"కనీసం మంచం అటుపక్కకైనా మార్పించు. ఆ అరుపులు ఆయన వినక్కర్లేదు."

"మంచాలు మార్చడానికి నేనెవర్తిని? ఆయాని" అంది ఆమె. నిజానికి ఆ వార్డులో ఏ మంచం ఎక్కడుండాలో ఆమె మాటే చెల్లేది. నర్సులు కూడా ఆమెనే అడిగేవారు.

మొదటి సాయంత్రం పెట్టె మోగగానే చెట్లన్నీ ఒక్కసారిగా పేలినట్టయ్యాయి. గుంపు పైకి లేచి, గిరగిరా తిరిగి, మళ్ళీ దిగబోయింది. ఆమె మళ్ళీ మీట నొక్కింది. మేడ మీది కిటికీలో ఆయన ముఖం తెల్లగా కనపడుతూనే ఉంది. అద్దాన్ని అరచేత్తో కొడుతున్నాడు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఏమంటున్నాడో కింద నుంచి వినక్కర్లేకుండానే ఆమెకు తెలుసు. పెట్టెను సరిగ్గా ఆ కిటికీ కింద ఆపి, అక్కడే రెండుసార్లు మోగించింది.

రోజురోజుకూ గుంపు పలచబడింది. నాలుగో రోజుకు సగమైంది. ఆరో రోజు తీగల మీద పది కూర్చుని, ఆ పదీ ఎగిరిపోయాయి. ఊళ్ళో ఎక్కడో కోర్టు ఆవరణలోకి చేరాయని తర్వాత ఎవరో అన్నారు. సూపరింటెండెంటు అందరి ముందూ మెచ్చుకున్నాడు. "మగవాళ్ళ వల్ల కానిది ఆయమ్మ చేసింది" అన్నాడు.

బస్సాయన మరో వారం అదే వేళకు మోచేతి మీద లేచాడు. ఉత్త చెట్లను చూసి మళ్ళీ పడుకునేవాడు. ఎనిమిదో రోజు లేవలేదు. అటుపైన, మిగిలిన ఆ ఒక్క మాటా అనడం మానేశాడు. దాహమేసినా అనలేదు, పక్క తడిసినా అనలేదు. ఆయమ్మ జావ పడితే పెదవులు బిగించేవాడు. నర్సు పడితే రెండు చెంచాలు మింగేవాడు. డాక్టరు జబ్బు ముదిరిందన్నాడు. ఆమె అవునంది.

కూతురు రిక్షా తెచ్చి తండ్రిని తన ఇంటికి తీసుకుపోయింది. ఎక్కించేటప్పుడు నడుం పట్టింది ఆయమ్మే, అలవాటైన చెయ్యి కాబట్టి. రిక్షా కదిలే ముందు కూతురు తల్లిని పక్కకు పిలిచింది.

"ఒక్క మాట నిజం చెప్పమ్మా. కావాలనే చేశావా?"

పైవాళ్ళు చెప్పారనవచ్చు, ఉద్యోగమనవచ్చు. ఆ మాటలు నోటి చివరిదాకా వచ్చాయి కూడా.

"కావాలనే చేశాను" అంది. "నీకేం తెలుసే? నువ్వు నిద్రపోయాక కొట్టేవాడు."

"నాకు తెలుసు" అంది కూతురు. "నిద్రపోయేదాన్ని కాదు."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఆయమ్మ కబురు పెడితే జవాబు వచ్చేది కాదు. మూడో నెలలో ఆయన పోయాడు. ఆ సంగతి ఆమెకు తొమ్మిది రోజుల తర్వాత, మందులకు వచ్చిన ఒక బస్సు కండక్టరు చెబితే తెలిసింది. పాత స్నేహితుడి పాడె మోసినవాళ్ళలో తనూ ఉన్నానని చెప్పి, మీరు రాలేదేమని అతనే ఎదురు అడిగాడు.

ఆ మధ్యాహ్నం అడిగి సెలవు తీసుకుని కూతురింటికి వెళ్ళింది. కూతురు తలుపు సగమే తీసింది. లోపల మంచం విప్పి గోడకు ఆనించి ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి?"

ఆయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "నన్ను... చూపుతోనైనా అడిగాడా?"

కూతురు తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేనట్టుంది.

"లేదమ్మా. ఒక్కసారి కూడా" అని తలుపు మూసింది.

ఆమె కాసేపు ఆ మూసిన తలుపు ముందే నిలబడింది. పక్కింటావిడ తొంగిచూసి, "ఎవరు కావాలి?" అంది. "ఎవరూ వద్దు" అని మెట్లు దిగింది. సెలవు సాయంత్రం దాకా ఉన్నా నాలుగింటికే వార్డుకు వచ్చేసింది. కిటికీ పక్క మంచం మీది కొత్త రోగి వీపు నొప్పని మూలుగుతున్నాడు. అతన్ని గోడవైపుకు తిప్పి, కింద దుప్పటి ముడతలు సరిచేసింది.