బస్తా మీద లేని దేశం

గబాన్ అనే దేశం పేరు మా ఆయన ఏ బస్తా మీదా చూడలేదు. అందుకని అలాంటి దేశమే లేదన్నాడు.

ఆయన ధీమాకు కారణం లేకపోలేదు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చి, ఇక్కడి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశాడు. మనవడి చేతికి మూటకు బదులు కుంచె వచ్చింది. గొడౌన్లో పెట్టెల మీద, బస్తాల మీద సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో నల్లరంగుతో రాయడం ఆయన ఉద్యోగం. రాత పడిన సరుకు ఇక గొడౌన్లో ఉండకూడదు, ఆ రోజే కదలాలి అని ఆయన పట్టు. రిటైరయ్యాక కూడా ఇంట్లో అదే పట్టు. టిఫిన్ డబ్బా మీద పేరు రాశాక అన్నం సర్దడం ఆలస్యమైతే నా మీద అరిచేవాడు.

గబాన్ మా ఇంట్లోకి వచ్చింది అమ్మాయి వల్ల. అల్లుడికి ఇక్కడి రంపపు మిల్లులో నేర్చిన పని. ఇక్కడ పనులు సన్నగిల్లాక, అక్కడ ప్లైవుడ్ మిల్లులో అవకాశం వస్తే ఇద్దరూ వెళ్లారు. ఈ ఏడు అమ్మాయి నీళ్లు పోసుకుంది. అంత దూరం విమానంలో కూర్చోవద్దని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పింది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. సముద్రం దాటి వచ్చినా మా వాళ్లు వదలని పద్ధతి అది. నేను ఈ ఊళ్లోనే, చిమిండైంగ్‌లో మా అమ్మ దగ్గర కన్నాను. మా అమ్మ వాళ్ల అమ్మ దగ్గర కన్నది. నా కూతురు మాత్రం పరాయి ఊళ్లో ఒంటరిగా కనాలా? ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండింది. పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే అక్కడికి వెళ్తుందన్నాను.

“పుట్టిల్లంటే ఏటే, ఇల్లా? నెత్తినెట్టుకు మోసుకెల్తావేటి?” అన్నాడు మా ఆయన.

“మోసుకెల్తాను. నీకేటి?”

ఆ రోజు నుంచి మా ఇల్లు గబాన్ గురించి కోర్టయిపోయింది. ఆయన రోజుకో భయం తెచ్చేవాడు. నేను కరెంటున్నప్పుడు అమ్మాయికి ఫోన్ చేసి, దానికి జవాబు తెచ్చుకునేదాన్ని. అందుకే ఇప్పుడు మా వీధిలో ఎవరైనా ఆ వైపు వెళ్లే ఆలోచనలో ఉంటే నన్నే అడుగుతారు.

ఆఫ్రికాకు పడమటి అంచున, నడిమికి, సముద్రం ఒడ్డున ఉంటుంది. భూమధ్యరేఖ దాని మీదుగానే పోతుంది. ఎండ మాడ్చేస్తుందని మా ఆయన భయం. నిజానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వాన ఉండదు, ఎండా ఉండదు, రోజూ మబ్బు కమ్మి చల్లగా ఉంటుంది. మనకు వీధులు మునిగే నెలలే వాళ్లకు పొడి నెలలు. దేశంలో చాలా భాగం అడవే. మనుషులు తక్కువ, చెట్లు ఎక్కువ. ఏనుగులు అడవిలోంచి నడుచుకుంటూ సముద్రం ఒడ్డుకు వచ్చే చోటు కూడా ఉందట. ఇది మా ఆయనకు చెప్పకుండా ఉండాల్సింది. “ఇంటి గుమ్మంలోకొస్తే?” అన్నాడు. ఆ చోటు రాజధానికి చాలా దూరమని చెప్పినా వారం రోజులు ఏనుగు మా ఇంట్లోనే తిరిగింది.

రాజధాని లిబ్రెవిల్. ఫ్రెంచి మాట్లాడతారు. “నీకు ఫ్రెంచేటొచ్చు?” అన్నాడు. మా తాతకు బర్మా మాట ఏం వచ్చని ఈ రేవులో దిగాడు? నేను చిమిండైంగ్ బజారులో మసాలా దినుసుల కొట్టు నడుపుతాను. బర్మా, హిందీ, తమిళం, చైనావాళ్ల విరుపు మాటలు, అన్నీ బేరంలోనే నేర్చాను. “బోంజూర్” అనడం అమ్మాయి నేర్పింది. అక్కడ ఆ మాట అనకుండా కొట్లో అడుగుపెట్టి సరుకు అడిగితే మొహం చిట్లిస్తారట. అది నాకు బాగా నచ్చింది. మా బజారుకొచ్చే కుర్రకారుకూ ఆ మర్యాద నేర్పాలి.

ఊళ్లో తిరగడానికి షేర్ టాక్సీలు. రోడ్డు పక్కన నిలబడి వెళ్లే చోటూ, ఇచ్చే డబ్బూ కేకేసి చెప్పాలి. నచ్చితే డ్రైవరు హారన్ కొడతాడు, నచ్చకపోతే మాట్లాడకుండా పోతాడు. మా ఆయన దీనికి తొలిసారి నవ్వాడు. “నీ గొంతుకి అన్ని కార్లూ ఆగిపోతాయి” అన్నాడు.

తిండి సంగతి అడగనే అక్కర్లేదు. కర్రపెండలం నానబెట్టి, రుబ్బి, ఆకుల్లో కర్రల్లా చుట్టి ఉడికిస్తారు. కూర అరటి వేపుళ్లు, బొగ్గుల మీద కాల్చిన చేప. మనవాళ్లకు అన్నం దొరుకుతుంది, చింతపండు మాత్రం పట్టుకెళ్లండి. దోమతెర, మలేరియా మందు మరిచిపోవద్దు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కార్డు లేకపోతే విమానాశ్రయంలోనే చిక్కు. నేను వేయించుకొచ్చిన రోజు చెయ్యి వాచింది. అది చూసి, “ఎల్లకముందే జబ్బు” అన్నాడు మా ఆయన. నేను ఆ చేత్తోనే బియ్యం కడిగాను.

వీసా వచ్చింది. కొట్టు మా ఆడపడుచుకు అప్పజెప్పాను. ఇక చివరి పని కాయం. బాలింతకు పెట్టే ఈ మందు మా కొట్లో అమ్మేదే అయినా కూతురి కోసం చేతులారా చేశాను. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము వేయించి దంచాను. అక్కడికెళ్లాక బెల్లంతో ముద్ద చేయొచ్చని పొడిని బిగువు మూత డబ్బాలో పోశాను. ఎదురింటి బర్మావిడ పసుపుకొమ్ములు తెచ్చిచ్చింది. వాళ్లు బాలింతకు ఒళ్లంతా పసుపు పట్టిస్తారు. రెండూ అట్టపెట్టెలో సర్దాను, డబ్బా పైన పెట్టాను. మా ఆయన మూల కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాడు.

బయల్దేరే ఉదయం టాక్సీ వచ్చి వీధి మొదట్లో ఆగింది. మింగళాడోన్ విమానాశ్రయం దాకా దారిలో తనిఖీకి ఎక్కడ ఆపుతారో తెలియదు, తొందరగా కదలమన్నాడు డ్రైవరు. పెట్టె ఎత్తుకుని గడప దాటబోయాను. వెనక నుంచి మా ఆయన తుమ్మాడు.

ఒక్క తుమ్ము. బయటికెళ్లేవాళ్లు ఆగిపోవాలి, లోపలికొచ్చి కూర్చుని నీళ్లు తాగాలి. నేను పుట్టినప్పటి నుంచి ఎవరం దీన్ని కాదనలేదు. కాళ్లు వాటంతటవే వెనక్కొచ్చాయి.

“ఇయాల్టికి ఆగిపో. టికెట్ మార్పించుకుందుము” అన్నాడు, కుర్చీ జరుపుతూ.

కుర్చీ అంత సిద్ధంగా జరపడం చూశాక నాకు అనుమానం వచ్చింది. మా ఆయన తుమ్మితే పక్కింటి కుక్క మొరుగుతుంది. ఇది పిల్లి తుమ్ము.

కోపం నషాళానికంటింది. గడప దాటేసి వెళ్లిపోవచ్చు. కానీ నా కూతురి కాన్పుకు వెళ్తూ అపశకునం తొక్కి వెళ్లే ధైర్యం నాకు లేదు, అది ఆయనకు తెలుసు. పెట్టె దించాను. రెండు తుమ్ములైతే మంచిదని మా అమ్మ అనేది. కాయం డబ్బా తీసి, మూత విప్పి ఆయన ముక్కు కింద పెట్టాను.

“ఇంకోటి తుమ్ము.”

“నానేటి, దొంగ తుమ్ము తుమ్మానంటావా?”

“నాననలేదు, నువ్వే అన్నావు. పీల్చు.”

తుమ్మాడు. ఇల్లదిరింది. పక్కింటి కుక్క మొరిగింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మిరియం ఘాటుకో, మరెందుకో. తుడుచుకోకుండానే అన్నాడు:

“నాకు బయమే. ఇద్దరూ అక్కడే ఉంటే, ఏటైనా అయితే నానెల్లి ఎవులనడగాలి?”

ఆ మాట మొదటి రోజే అంటే ఇన్నాళ్లు ఏనుగులతో యుద్ధం చేసేదాన్నా? జాలి ముంచుకొచ్చింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అయినా వెళ్తానన్నాను. రోజూ ఫోన్ చేస్తాను, కరెంటు లేకపోతే ఎదురింటావిడ ఫోనుకు చేస్తానన్నాను.

వీధి మొదట్లో హారన్ మోగింది.

ఆయన లేచి మంచం కింద నుంచి పాత రంగు డబ్బా, కుంచె తీశాడు. నా పెట్టె ముందు గొంతుక్కూర్చుని, గొడౌన్లో రాసే ఇంగ్లీషు అక్షరాలతో లిబ్రెవిల్ అని పెద్దగా రాశాడు. కింద, ఎక్కడి నుంచి అని ఉండాల్సిన చోట, కుంచె కాసేపు ఆగింది. తర్వాత చిన్నప్పుడు గుళ్లో దిద్దిన తెలుగులో, వంకర్లు పోతూ, పుట్టిల్లు అని రాశాడు.

రంగు ఆరనే లేదు. పెట్టె నా చేతికెత్తిచ్చాడు.

“రాత పడిపోనాది. ఇంక ఉండకూడదు, ఎల్లు.”