రాజేశ్వరి పిన్ని గీసిన రెండు కొంగలు

మా ల్యాబులో పాత రిజిస్టర్ల బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు నాకు ఊరి బయట పక్షుల అభయారణ్యంలో అదే వాసన వేసే ఒక గది గుర్తొస్తుంది. దాని గోడల నిండా పిట్టల బొమ్మలు. అవన్నీ గీసింది రాజేశ్వరి పిన్ని.

మేముండేది హిందీ మాట్లాడే ఊళ్ళో, నాన్న పనిచేసే ప్లాంటు కాలనీలో. అక్కడి సెక్టర్ ఆరులో మా పక్క క్వార్టర్ ఆవిడది. ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో యంత్రాల నక్షలు గీసీ గీసీ రిటైరయ్యాక పక్షుల మీద పడింది. "మిషన్లు కదలకుండా కూచునేవి. ఇవి కూచోవు. అదే బాగుంది నాకు" అనేది.

నేను పన్నెండో తరగతి తప్పిన ఏడాది అది. పాసయ్యానని నాన్నతో అబద్ధం చెప్పి, మార్కుల కాగితం ఇంకా రాలేదంటూ రోజులు నెట్టుకొస్తున్నాను. ఆ సంగతి పిన్నికి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక సోమవారం, సందర్శకులెవరూ రాని సెలవురోజున, "రాయే, నా పిట్టల్ని చూద్దువు గాని" అని తీసుకెళ్ళింది. కాపలాదారు తాళం తీసి, "ఆరామ్ సే దేఖియే, దీదీ" అని, తీరిగ్గా చూడమని చెప్పి వెళ్ళిపోయాడు. పిన్ని ఒక్కో బొమ్మ ముందు ఆగి, ఆ పిట్ట ఏ తీగ మీద వాలిందో, ఎంతసేపు నిలిచిందో చెప్పుకుంటూ వచ్చింది. చివర్లో రెండు తెల్లకొంగలు పక్కపక్కన ఉన్నాయి.

"రెండూ ఒకటే కదా పిన్నీ?"

"పాదాలు చూడు."

మొదటిదానికి పాదాలు నలుపు, రెండోదానికి పసుపు.

"నీళ్ళలో నిలబడ్డప్పుడు చూసినాను. పాదాలు కనపళ్ళేదు. కాళ్ళు నల్లగున్నాయి కదాని అవీ నల్లగా వేసీసినాను. ఇక్కడ చేపలు పట్టే ఆవిడ చూసి, పాదాలు పసుపు కదా అనీసింది. పది రోజులు గట్టు మీద కూచున్నాను. నిజమే, పసుపే."

"మరి మొదటిది తీసేయొచ్చుగా?"

"ఎందుకే? తప్పు గీసింది నేనే, దిద్దింది నేనే. రెండూ నావే."

మొదటి కొంగ కింద ఆవిడ చేతిరాతతో హిందీలో చిన్న చీటీ ఉంది: 'ఇది నేను సరిగా చూడకుండా గీసింది.'

ఆ రోజే, నాన్న మొదటి షిఫ్టు నుంచి వచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, పరీక్ష తప్పానని చెప్పేశాను. ఆయన కుళాయి కట్టేసి తువ్వాలు అందుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"భయమేసింది నాన్నా."

"తప్పినందుకు కాదు. నన్ను పరాయోణ్ణి చేసీసినావు, అదే బాధగుంది" అన్నాడు. తువ్వాలు దండెం మీద వేస్తూ, "మళ్ళీ రాస్తావేటి?" అని అడిగాడు. రాశాను, పాసయ్యాను. ఆ తర్వాత ల్యాబు కోర్సులో చేరాను.

పిన్ని పోయి నాలుగేళ్ళయింది. పోయిన నెల ఇద్దరు రోగుల రక్తపరీక్షల అంకెలు పొరపాటున ఒకరివి ఒకరికి రాసి పంపాను. ఎవరూ గమనించలేదు. మర్నాడు నాకే కనిపించింది. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేసి, "నిన్నటి రిపోర్టులు తప్పండి. రాసింది నేనే" అన్నాను. ఆయన "మందులింకా మొదలుపెట్టలేదు. సరైనవి పంపించండి" అన్నారు. రిజిస్టరులో తప్పు అంకెల్ని అలాగే ఉంచి, పక్కన సరైనవి రాశాను. తప్పు వాటి కింద 'ఇది నేను సరిగా చూడకుండా రాసింది' అని రాసి సంతకం పెట్టాను.