పేరు పెట్టి పిలిచినందుకు

పర్ణశాల దాటి అడవి లోపలున్న ఆ గూడెంల మేము కాపురం పెట్టినప్పుడు నాకు వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. నేను మణుగూరు బొగ్గు కాలనీల పుట్టి పెరిగినదాన్ని. వాకిట్ల నల్లా, నాన్న షిఫ్టు సైరను, గదే నా లోకం. పాస్టరును చేసుకున్నంక సంఘం పంపిన కాడికి పోవాలె గద, పోయిన. సరిహద్దు అవతల నుంచి వలసొచ్చి పోడు కొట్టుకొని బతుకుతున్న కోయోళ్ల గూడెం అది. మా అమ్మగారింటికి రెండు బస్సుల దూరమే గని, నాకైతే పరదేశమే.

మా ఆయన భాషను పద్ధతిగ నేర్చుకున్నడు. ముసలోళ్ల మాటలు ఫోన్ల రికార్డు చేసుకొని, చెవులల్ల పెట్టుకొని, గొణుక్కుంట తిరిగేటోడు. ఏడాది తిరగకముందే ప్రసంగం చెప్పిండు. నాకు గంత ఓపిక యాడిది? నాకు నేర్పింది పక్క గుడిసె ఆమె. నా ఈడుదే, నాకంటే పొట్టిది, నోరు మాత్రం నాకంటే పెద్దది. తెల్లారంగనే ఇప్పపువ్వు ఏరను పోతుంటే నన్నూ లేపుకపోయేది. పువ్వు చూపిచ్చి ఒక మాట, చీమ కుడితే ఒక మాట చెప్పేది. నేను తప్పు పలికితే గంప కింద పెట్టి మరీ నవ్వేది. "నీ నోట్లె నాలుకున్నదా, కట్టె ఉన్నదా?" అంటున్నదని అర్థమైన రోజు, నేను గూడ ఆమె భాషల ఒక తిట్టు తిట్టిన. కండ్లెంబడి నీళ్లొచ్చేదాక నవ్వింది. "నువ్వు ప్రసంగం నేర్చినవ్, నేను తిట్లు నేర్చిన, దోస్తు మాత్రం నాకే దొరికింది" అని మా ఆయనను ఏడిపిచ్చేదాన్ని.

రెండో ఎండకాలం ఆమె నాతోని నేస్తం కట్టుకున్నది. వాళ్లల్ల అది మాటవరస కాదు, పెండ్లంత పని. వాకిట్ల ఎదురెదురుగ కూసోబెట్టి నెత్తిన పసుపు బియ్యం చల్లిండ్రు. ఒకరి చెవుల ఒకరం ఇప్పపువ్వు పెట్టుకున్నం. ఆమె అత్త అందరి ముందట కట్టుబాటు చెప్పింది: ఈ పొద్దు నుంచి మీరు ఒక తల్లి బిడ్డలు. ఒకరి పేరు ఇంకొకరు నోటితోని పలకొద్దు. పలికితే నేస్తం తెగిపోతది. తెగినంక మల్ల కట్టేది లేదు.

అప్పటి నుంచి నేను ఆమెను వాళ్ల భాషల "పుంగారూ" అన్న, ఆమె నన్ను తెలుగుల "పువ్వూ" అన్నది. రెండూ ఒకటే మాట. సొరకాయ బుర్రల అంబలి సగం తాను తాగి సగం నాకిచ్చేది. వాళ్లింట్ల ఒక స్టీలు గ్లాసు ఉండె. అది బయటోళ్లకు. ఫారెస్టోళ్లకు, సర్వేకొచ్చిన సార్లకు. మొదట్ల మాకు గూడ దాంట్లనే నీళ్లిచ్చేటోళ్లు.

"ఇదేం ఆచారమే, సంఘపోళ్లు ఏమంటరో" అని మా ఆయన నసిగిండు. "దేవుడే మనల్ని దోస్తులన్నడు, నాకొక దోస్తుంటే నీకేం నొప్పి?" అన్న.

వానలు పడ్డంక ఆమెకు జరం పట్టింది. ఆమె మొగడు నాట్లకని ఏరవతలికి పోయి, ఏరు పొంగేసరికి అక్కడనే ఆగిపోయిండు. ఆమె అత్త వాళ్ల దేవతకు మొక్కింది, నేను మా ప్రభువుకు మొక్కిన. జరం ఎవరి మాటా వినలె. ఒక పొద్దున సూస్తె మాట తడబడుతున్నది, మనుషులను గుర్తుపడతలేదు. మంచానికి తాళ్లు కట్టి, మా ఆయనా గూడెపోళ్లూ బురదల మోసుకొని రోడ్డు మీదికి తెచ్చిండ్రు. అంబులెన్సుల తోడు ఒక్కరే ఎక్కాలన్నరు. ముసలామెకు తెలుగు రాదు. కోడలి ఆధార్ కార్డు నా చేతుల పెట్టి నన్ను ముందటికి తోసింది. "నీ నేస్తం. నువ్వు తీస్కపోతున్నవ్, నువ్వే తీస్కరా" అన్నది.

భద్రాచలం దవాఖానల సూదులేసిండ్రు, సెలైన్ పెట్టిండ్రు. మలేరియా మెదడుకెక్కిందన్నడు డాక్టరు. "మందు ఎక్కాలె. పిలుచుకుంట ఉండమ్మా, పలికితే చెప్పు" అని పోయిండు.

పిలిచిన. "పుంగారూ! ఓ పుంగారూ!" పలకలె. భుజం పట్టి ఊపిన. ఇంటికాడ ఆమె పిల్లల ముచ్చట తీసిన, వాళ్లత్త ముచ్చట తీసిన. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టిన, నవ్వుతదేమోనని. కనురెప్ప కదలలె. సిస్టరమ్మ కార్డు సూసి ఆ పేరు పిలిచింది. ఆ పేరు ఎవరో తెలుగాయన తనకు తోచినట్టు రాసింది, దానికి ఆమె బాగున్నప్పుడే తిరిగి చూసేది కాదు.

"నువ్వు పిలిచేదేందమ్మా, అది పేరేనా?"

"నేస్తం పేరు సిస్టర్."

"ముద్దు పేర్లు కాదమ్మా. చిన్నప్పటి నుంచి ఇంట్ల పిలిచే పేరు పిలువు. జల్దీ. మనిషి జారిపోతుంది."

ఆ పేరు నాకు ఎరుకే. నేస్తం కట్టకముందు రోజుకు నూరుసార్లు పిలిచిన. సిస్టరుతోని పిలిపిద్దామంటే, ఆమెకు చెప్పాలన్నా నా నోటితోనే చెప్పాలె. రాసిచ్చినా ఆమె నోట్ల అది తిరగదు. ఆ వార్డుల ఆ భాష వచ్చినోళ్లు నేను తప్ప ఇంకొకరు లేరు. ప్రభువా, వేరే ఎవరినన్నా పంపు అని ఏడ్చిన. గూడెంల నన్ను మనిషిగ సూసింది ఈమె ఒక్కతే, ఈమెను నా నోటితోనే పోగొట్టుకోమంటవా అని కొట్లాడిన దేవునితోని. ఆమె కండ్లు తెల్లగ పైకి తిరిగినయి. ఊపిరి గురగురమన్నది.

పిలిచిన. పేరు పెట్టి పిలిచిన. ఒకసారి మెల్లగ, మల్ల గట్టిగ, మల్ల వార్డంత తిరిగి చూసేటట్టు అరిచిన.

ఆమె "ఊఁ" అన్నది.

జరం దిగినంక ఒక పొద్దున, నేను బన్ను పాలల్ల ముంచి తినిపిస్తుంటే, ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. "నన్నెవరో పిలిచిండ్రు. మా అమ్మ అనుకున్న. మా అమ్మ సచ్చిపోయింది గద. ఎవరు పిలిచిండ్రు?" అన్నది.

సిస్టరమ్మ అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది గూడ. గని ఆ సిస్టరమ్మ నోట్ల ఆ పేరు తిరగదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"నేనే" అన్న.

ఆమె నా మొఖంల చూసింది. నా చెయ్యి మెల్లగ వదిలిపెట్టి గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నేను పాల గిలాస పట్టుకొని అట్లనే కూసున్న.

బతికింది, గదే చాలు, గదే చాలు అనుకుంట గూడేనికి తీసుకొచ్చిన. వాళ్లత్త నా తల రెండు చేతులల్ల పట్టుకొని ఏడ్చింది. అరుగు మీద కూసోబెట్టింది. కోడలు లోపలికి పోయింది, నాకు నీళ్లు తేవడానికి. నడవను బలం లేదు, గుంజ పట్టుకొని పట్టుకొని వచ్చింది. నేను సొరకాయ బుర్ర కోసం చెయ్యి చాపిన.

ఆమె చేతుల స్టీలు గ్లాసు ఉన్నది.

"తాగుండ్రి, పాస్టరమ్మా" అన్నది, తెలుగుల.