పన్నెండు అడిగితే ఆరిచ్చాను

1994 కార్తీకంలో ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పత్తి మార్కెట్ యార్డులో కంప్యూటర్లు నడిపించే పని నాకు అప్పగించారు. గేటు దగ్గర ఒకటి, కాంటాల దగ్గర ఆరు, మొత్తం ఏడు టెర్మినళ్లు. బండి కాంటా ఎక్కగానే గుమస్తా తూకం కొడతాడు, ఆఫీసు గదిలోని సర్వర్ రాసుకుంటుంది, చీటీ బయటికొస్తుంది. దీన్ని ట్రాన్సాక్షన్ అంటాం. ప్రతి టెర్మినల్ కోసం సర్వర్‌లో ఒక ప్రాసెస్ పనిచేస్తుంది. లోపల కూర్చున్న గుమస్తా అనుకోండి. అలాంటివాళ్లు ఎంతమందికి మించకూడదో ఒక ఫైలులో ముందే రాసిపెట్టాలి. దాన్నే ప్రాసెస్ లిమిట్ అంటాం.

యార్డు సెక్రటరీగారు మాటలు పొదుపుగా వాడే మనిషి. "పన్నెండు పెట్టుండ్రి" అని ఊరుకున్నారు.

నేను కరీంనగర్‌లో బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి. మొదటి అంకెను నమ్మడం మా ఇంట్లో బుద్ధి తక్కువ పని. ఏడు టెర్మినళ్లకు పన్నెండెందుకు? అందరూ ఒక్కసారే పని చేస్తారా? ఆరు రాశాను. సగానికి తెంపానన్న సంతోషంలో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు పొద్దున గేటు టెర్మినల్ తెరుచుకుంది, ఒక కాంటా నడిచింది. మిగతా ఐదు తెరల మీదా లిమిట్ దాటిందని ఇంగ్లిషు అక్షరాలు. మాన్యువల్ తిప్పితే విషయం తెలిసింది. డిస్కు మీద రాసేది, పద్దు చూసేది, చెత్త ఊడ్చేది అంటూ సర్వర్ సొంత పనులకే నాలుగు ప్రాసెస్‌లు కావాలి. అవీ లెక్కలోకే వస్తాయి. నా ఆరులో మిగిలింది రెండు.

అప్పటికే బండ్ల వరుస రోడ్డెక్కింది. పడమటి దిక్కు మబ్బు కమ్ముతోంది. తడిసిన పత్తిని ఏ వ్యాపారీ ముట్టడు.

భయంతో ఈసారి ముప్పై రాద్దామనుకున్నాను. సెక్రటరీగారు సొరుగులోంచి కంప్యూటర్లు అమ్మిన కంపెనీ ఇంజినీరు రాసిన ఉత్తరం తీశారు. ముప్పై పెడితే మెమరీ చాలక సర్వర్ మొత్తం పడుకుంటుందట. ఏడు, నాలుగు, ఒకటి అదనం అని పన్నెండు లెక్క కూడా అందులోనే ఉంది. ముందే ఎందుకు చూపలేదన్నాను.

"మీరు అడుగలే" అన్నారు.

అంకె మార్చాక సర్వర్‌ను ఆపి మళ్లీ నడపాలి. అంటే ఉన్న ఒక్క కాంటా కూడా ఆగాలి. దాని మీద అప్పుడే ఎక్కిన బండి భైంసా దిక్కు నుంచి వచ్చిన పోశెట్టిది.

"బండి ఎక్కినంక బంద్ జేస్తవా సారూ? నా యేడాది కష్టం గీ పత్తిల ఉన్నది" అన్నాడు మబ్బువైపు చూస్తూ.

"పది నిమిషాలే కాకా."

"పదంటె ఇరువై. నేను గూడ బజార్ జూసినోన్నే."

బేరం కలపని అంకె జీవితంలో మొదటిసారి చెబితే నమ్మే మనిషి దొరకలేదు. చేతి గడియారం విప్పి అతని చేతిలో పెట్టాను. పది దాటితే అది అతనిదే అన్నాను. పోశెట్టి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందని తేల్చుకున్నాకే తల ఊపాడు.

తొమ్మిది నిమిషాలకు ఆరు కాంటాలూ లేచాయి. గడియారం తిరిగిస్తూ, "జర నిమ్మలంగ నడుస్తుంది సారూ, జూపించుకో" అన్నాడు. ఓడినా నా సరుకుకు వంక పెట్టకుండా వదల్లేదు.

రెండు బండ్లే అని గేటులో రాయించిన పోశెట్టి వెనక మూడోది వచ్చింది, నాలుగోది వచ్చింది, ఐదోది కూడా వచ్చింది. ఇదేమిటని అడిగాను.

"నాయి రెండే. గా మూడు మా తమ్ములయి. ఇంటోల్లను లెక్కల రాపిస్తమా?"

ఐదో బండి షెడ్డు కిందికి చేరగానే వాన దంచింది. షెడ్డు నిండా ఆ ఇంటివాళ్ల పత్తే. నిలబడే చోటు లేక నేను బయట తడిశాను. ఆ తరువాత ఎవరు ఏ అంకె చెప్పినా, అందులో ఇంటివాళ్లు ఎంతమందో అడిగాకే బేరం మొదలుపెట్టాను.