తుడిచేసిన సుద్ద గుర్తు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బండికి నిమ్మకాయలు కట్టేవాళ్లను ముందు బ్రేకులు చూపించుకోండని పంపే మెకానిక్‌ను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నా లెక్క తప్పింది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా చేతికొస్తున్న రోజులు. డోన్‌లో మస్తాన్ ఉస్తాద్ దగ్గర నేనూ రామాంజీ కలిసి పని నేర్చుకున్నాం. పనికిరాని టైరు కనిపిస్తే ఉస్తాద్ దాని పక్కన సుద్దముక్కతో సున్న చుట్టి, అడ్డంగా గీత కొట్టేవాడు. ఇక అది రోడ్డెక్కకూడదు. ఆయన పోయాక షెడ్డు రామాంజి చేతికొచ్చింది. నేను కల్లూరులో వేరే పెట్టుకున్నాను.

పాప పుట్టువెంట్రుకలకు అహోబిలం పోవాలని నా జీపుకు రామాంజి దగ్గర వెనక టైర్లు తీసుకున్నాను. ఒకే ఉస్తాద్ కింద పెరిగినవాళ్లం. ఒకరి సరుకును ఇంకొకరు తడిమి చూడటం మాలో అవమానం.

"ఏమప్పా, నీ బిడ్డ ఎక్కే బండికి చెడ్డవి ఇస్తానా?" అన్నాడు.

చూడకుండానే బిగించాను. అంత తెలివిగలవాణ్ణి!

ఆళ్లగడ్డ దాటాక, పట్టపగలే వాన పట్టుకుంది. మలుపులో జీపు వెనక భాగం పక్కకు జారి, గిర్రున తిరిగి, కాలువ అంచున ఆగింది. నా భార్య పాపను గుండెకు కరుచుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

దిగి చూశాను. బ్రేకులు పట్టెయ్యలేదు. గాలి సరిగ్గానే ఉంది. తొలివానకు దుమ్మూ నూనే కలిసి రోడ్డు జారడం మామూలే, కానీ ముందు చక్రాలు పట్టు తప్పలేదు. వెనక ఎడమ టైరు దగ్గర వంగాను. నీళ్లు కారుతున్న నల్ల రబ్బరు మీద తెల్లగా, పొడిగా, సున్న, అడ్డగీత. బిగించేటప్పుడు అది లేదు. నా భార్య కూడా చూసింది.

టైరు గాడిలో గోరు పెట్టాను. కత్తితో కోసిన గాడి. అడుగున టైరు లోపలి దారాలు తగిలాయి. అరిగిన టైరుకు కొత్తగా గాడులు కోసి, నల్లరంగు పూసి నాకు అంటగట్టాడు.

మరుసటి రోజు జరిగిందంతా చెప్పి టైరును రామాంజి ముందు పడేశాను. గుర్తు చూసి దాని దగ్గరికి వంగాడు.

"ఇది ఉస్తాద్ పెట్టిందేనప్పా. నీకిచ్చే ముందు నేనే తడిగుడ్డతో తుడిచినా. మళ్లీ యాడ్నుంచి వచ్చింది?"

తర్వాత ఎన్నో టైర్ల మీద సుద్దతో గీసి, తుడిచి, నీళ్లు పోసి చూశాను. ఒక్క గుర్తూ తిరిగి రాలేదు. ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

రామాంజి ఆ రోజు గుర్తు గురించి పదిసార్లు అడిగాడు. పాప ఎట్లుందని ఒక్కసారీ అడగలేదు.