నాలుగో టీ

మా తాతకి లోకంలో ఏదీ దూరం కాదు. ఎవరు దేనికి దారి అడిగినా చెయ్యి చాచి, "ఇక్కడే, దగ్గరే" అంటాడు. ఆస్పత్రి ఇక్కడే, రైల్వేస్టేషన్ ఇక్కడే. ఆయన మాట నమ్మి బయల్దేరినవాళ్లలో కొందరు ఇంకా నడుస్తూనే ఉన్నారని మా అమ్మమ్మ అంటుంది. ఆవిడకి ఆ మాట అనే హక్కుంది. కాపురానికొచ్చిన రోజు బస్సు దిగి ఇల్లెంత దూరమని అడిగితే తాత "ఇక్కడే" అన్నాడట. చెరోవైపు ట్రంకుపెట్టె పట్టుకుని నాలుగు మైళ్లు నడిచారు. "సగం దారిలో వెనక్కి పోదామనుకున్నాను. వెనక్కీ అంతే దూరమని ఆగిపోయాను" అంటుంది అమ్మమ్మ.

తాత పని గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకోవడం. నలభై ఏళ్లుగా అదే పని. గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం నాకు తెలిసినంత చెబుతాను. ఒకచోట నిలబడి బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత మొనగాడు. మొదటి దెబ్బ కొట్టే చోటుని టీ అంటారు, అక్కడ గుర్తుగా రెండు చెక్కదిమ్మలు పెడతారు. నాలుగు దెబ్బల్లో ముగించాల్సినదాన్ని పార్ ఫోర్ అంటారు. తాత పనిలో చేరిన రోజు ఇంజనీరు నాలుగో గుంట స్థలం చూపించి "ఇది పార్ ఫోర్" అన్నాడట. తాత స్టోరుకి పరిగెత్తి నాలుగు పారలు పట్టుకొచ్చాడు.

ఇంతకీ నా చదువు గురించి కూడా చెప్పేస్తే ఓ పనైపోతుంది. పదో తరగతి లెక్కల్లో రెండంటే రెండు మార్కులతో తప్పాను. తాత "రెండేగా, దగ్గరే" అన్నాడు. ఆ ధైర్యంతో మా హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్లి, ఆ రెండూ కలిపెయ్యమని అడిగాను. ఆవిడ కళ్లజోడు తీసి, "గీత గీతే. గీతని జరిపేటట్టయితే లెక్కలెందుకు?" అన్నారు. పదేళ్లయింది. అప్పట్నుంచి తాత దగ్గరే గడ్డి కోసే మిషన్ నడుపుతున్నాను. మిషన్‌కి ముందుకీ వెనక్కీ తప్ప వేరే లెక్క లేదు.

మైదానంలో తొమ్మిది గుంటలున్నా తాత పెంచి పెద్దచేసింది నాలుగోదాన్ని. అన్నిటికంటే పొట్టి పార్ ఫోర్ అదే, మొత్తం మూడు వందల గజాలు. టీ దగ్గర నిలబడితే జెండా ఎదురుగా, పిలిస్తే పలికేటట్టు కనబడుతుంది. మధ్యలో ఏటవాలుగా ఒక కాలువ. తిన్నగా కొట్టి కాలువ దాటించారా, సగం పని అయిపోయినట్టే. అంత బలం లేకపోతే ఎడమవైపు దారుంది. అక్కడ కాలువ సన్నబడి పిల్లి దాటేంత అవుతుంది. చుట్టూ తిరిగి పోవాలి, అంతే.

"పొడుగు గుంటకి కండ చాలు. పొట్టిదానికి బుర్ర కావాలి" అంటాడు తాత. "పొట్టి గుంటన్నాక మనిషిని ఆశపెట్టాలి. ఆశపెట్టకపోతే అది గుంట కాదు, గొయ్యి. ఆశకి లొంగినవాణ్ని ముంచాలి, లొంగనివాడికి ఓ దారి చూపించాలి."

ముంచడానికి మాకో పళ్లడాక్టరు ఉండేవాడు. దున్నపోతులాంటి మనిషి. ఒక్క దెబ్బకి జెండా దాకా కొట్టాలని ఆయన జీవితాశయం. ప్రతి ఆదివారం వచ్చి ఎంతుంటుందని అడుగుతాడు. తాత "ఇక్కడే డాక్టరుగారూ" అంటాడు. ఆయన నడుము విరిగేటట్టు కొడతాడు. బంతి వంకర తిరిగి కాలువలో ప్లుప్ మంటుంది. తాత ఆ చప్పుడు విని, పెళ్లిలో సన్నాయి విన్నవాడిలా తలూపుతాడు. పదకొండేళ్లుగా డాక్టరుగారు ఒక్క ఆదివారం మానలేదు.

గురువారాలు మాత్రం హెడ్‌మిస్ట్రెస్ గారివి. అవును, ఆవిడే, నా రెండు మార్కుల ఆవిడ. రిటైరయ్యాక ఒంటరిగా ఉంటున్నారు. వారానికి ఒక్కసారి తన కర్రల సంచి తానే భుజాన వేసుకుని వస్తారు. ఎడమవైపు దారిని ఆవిడ "గైడు పుస్తకం" అంటారు. టెక్స్టుబుక్కు చదవలేనివాళ్లు పోయే దారని అర్థం. ఎప్పుడూ తిన్నగానే కొట్టేవారు. "ఈ కాలువ దాటించలేని రోజున కర్రలు అమ్మేసి ఇంట్లో కూర్చుంటాను" అని అందరి ముందూ చెప్పారు. చెప్పారంటే చేసే మనిషి. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నేనూ ఒకసారి ఆ కాలువ దాటించాను. పళ్లడాక్టరు సరదాకి కర్ర ఇస్తే మొదటి దెబ్బకే బంతి నూటముప్ఫై గజాలు ఎగిరి అవతల పడింది. నా జీవితంలో నేను సాధించిన ఘనకార్యం అదొక్కటే కాబట్టి వీధిలో ప్రతి గడపకీ వెళ్లి చెప్పాను. కొన్ని గడపలకి రెండుసార్లు.

ఇలా ఉండగా క్లబ్బుకి కొత్త సెక్రటరీ వచ్చాడు. సర్వేశాఖలో పనిచేసి రిటైరైనవాడు. పార్ ఫోర్ ఎక్కడాడినా ఆయన ఆరు దెబ్బల మనిషి. మా నాలుగో గుంటని ఒక వారంలో మూడుసార్లు మూడు దెబ్బలకే ముగించాడు. ఇంకొకరైతే అందరికీ మిఠాయి పంచేవారు. ఈయన ఇంటికి వెళ్లి టేపు తెచ్చాడు. తన మీద తనకి అంత అపనమ్మకం ఉన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

కొలిచి, తాతని పిలిచాడు.

"కార్డు మీద మూడు వందల గజాలుంది. టేపులో రెండు వందల యాభై రెండు వస్తోంది. మిగతా నలభై ఎనిమిది గజాలు ఏమయ్యాయి?"

"ఎక్కడికీ పోలేదు సార్. ఇక్కడే ఉన్నాయి" అని తాత టీ వెనకాల ఉన్న గడ్డి చూపించాడు.

ఎవరో ఆ దిమ్మల్ని ఏళ్లతరబడి, కాస్త కాస్తగా ముందుకి జరిపారన్నమాట. ముప్ఫైమంది మెంబర్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. గుంట దగ్గరైందని ఎవరనుకుంటారు, నేను మొనగాణ్నయ్యానని అనుకుంటారు గానీ. రోజూ ఆ దిమ్మల చుట్టూ మిషన్ తిప్పేదాన్ని, నేనూ కనిపెట్టలేదు. నాకు లెక్కలు ఎందుకు తప్పాయో ఆ రోజు తెలిసింది. నా నూటముప్ఫై గజాలు ఎనభై రెండని కూడా తెలిసింది. వీధిలో ఇన్ని గడపలు ఎందుకున్నాయా అనిపించింది.

దిమ్మలు పాతచోటికి పోవాలని, మళ్లీ కదిలితే తాత ఉద్యోగం కూడా కదులుతుందని చెప్పి సెక్రటరీ వెళ్లిపోయాడు. తాత దిమ్మ మీద కూర్చున్నాడు.

"ఎందుకు చేశావు తాతా?"

"ఆరేళ్ల కిందట మేడమ్‌కి భుజం పట్టేసింది. బంతి కాలువ ఒడ్డుకి ఇవతల ఆగిపోయింది. రెండడుగులే. ఆవిడ కూర్చుని కర్రలన్నీ గుడ్డతో తుడిచారు. ఆడేవాళ్లు అలా తుడవరే. అమ్మేవాళ్లు తుడుస్తారు. తర్వాతి గురువారం ఆవిడ వచ్చేలోగా దిమ్మలు మూడడుగులు జరిపాను. భుజంలో బలం తగ్గుతూ వచ్చింది, నేను జరుపుతూ వచ్చాను."

"నాకూ రెండేగా తక్కువైంది. నాకెందుకు జరపలేదు?"

"నీ దిమ్మలు ఆవిడ చేతిలో ఉన్నాయే" అన్నాడు.

సెక్రటరీ పద్ధతైన మనిషి కాబట్టి మర్నాడు పొద్దున్నే క్యాంటీన్ పక్కన బోర్డు మీద నోటీసు అంటించాడు. "నాలుగో టీ నేటినుంచి వెనక్కి తీసుకోబడుతుంది." ఆ రోజు గురువారం.

క్యాంటీన్ మా అమ్మమ్మది. పనివాళ్లకి రోజుకి నాలుగు టీలు. నాలుగోది సాయంత్రం నాలుగింటికి. అమ్మమ్మ నోటీసు చదివి స్టవ్ ఆర్పేసింది. పనివాళ్లు చదివి మిషన్లు ఆపేశారు. నేను విషయం తెలిసి కూడా ఆపేశాను, ఆపడానికి వంక దొరికితే వదులుకునే దాన్ని కాను. గొడవ విని సెక్రటరీ వచ్చాడు.

"టీ జరిపితే మీకేమిటమ్మా నష్టం?"

"ముప్ఫై ఏళ్లుగా నాలుగింటికే ఇస్తున్నాను. జరిపితే ఎంత జరుపుతారు?"

"నలభై ఎనిమిది గజాలు."

అమ్మమ్మ గరిటె పక్కన పెట్టింది. "టీని గజాల్లో ఎప్పట్నుంచి కొలుస్తున్నారు బాబూ?"

"కట్టినప్పట్నుంచీ అంతే."

"కట్టే టీ ఏమిటి? నేను కాస్తాను."

సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గారు సంచితో వచ్చారు. తాత బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ పక్కకి జరగమని కళ్లతోనే చెప్పి, నోటీసు చదివారు.

"తీసుకోబడుతుంది. ఎవరు చేశారో చెప్పడం ఇష్టం లేనప్పుడే ఈ 'బడు' వాడతారు. ఇంతకీ టీ ముందుకి జరిపిందెవరు?"

తాత ముందుకొచ్చి నేనే అన్నాడు.

"ఎంత?"

"ఎంతో కాదండీ, ఇక్కడికే..."

"గజాల్లో."

"నలభై ఎనిమిది."

తాత నోట కచ్చితమైన దూరం వినడం నాకదే మొదటిసారి. ఆవిడ ఏళ్లు అడిగారు, ఆరన్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు. కాసేపు తన భుజం పట్టుకుని నిలబడ్డారు. లెక్క వేసుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత సంచి ఎత్తుకుని నాలుగో గుంట వైపు నడిచారు. టీ మాట మరిచిపోయి మేమంతా వెనకే వెళ్లాం.

దిమ్మలు పాతచోట ఉన్నాయి. అక్కణ్నుంచి కాలువ, తాత భాషలో కూడా, దగ్గర కాదు. ఆవిడ జెండా వైపు గురిపెట్టి నిలబడ్డారు. తాత కళ్లు మూసుకున్నాడు. ఆవిడ ఒకసారి తాత మొహం చూసి, పాదాలు తిప్పి, ఎడమవైపుకి కొట్టారు.

గైడు పుస్తకం. చిన్న దెబ్బ. ఇంకో చిన్న దెబ్బకి బంతి కాలువ సన్నబడే చోటికి చేరింది. మూడో దెబ్బకి పిల్లిలా అవతలికి దూకింది. నాలుగో దెబ్బకి జెండా దగ్గర పడింది. ఐదో దెబ్బకి గుంటలో టక్కుమంది.

"కాలువ దాటించానా లేదా?" అని సెక్రటరీని అడిగారు.

"దాటించారు మేడమ్."

"ఎన్నో దెబ్బకని నేనెప్పుడూ చెప్పలేదు." తర్వాత తాత వైపు తిరిగి, "నలభై ఏళ్లు గుంటని పెంచారు, దాని మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?" అన్నారు. తాత గోక్కోవడానికి తలలో చోటు వెతుక్కున్నాడు. ఆవిడ సంచి తెరిచి, వచ్చే గురువారం దిమ్మలు తుడిచి పెట్టమని తన గుడ్డ ఆయన చేతికిచ్చారు. నేను సందు చూసుకుని, గీతలు జరుగుతున్నాయి కాబట్టి నా రెండు మార్కుల సంగతేమిటని అడిగాను.

"గీత గీతే. కానీ గుంటకి ఇంకో దారి కూడా ఉంటుంది. పరీక్షకి ప్రైవేటుగా కట్టు. ఆదివారాలు లెక్కలు చెబుతాను."

నాలుగింటికి నాలుగో టీ వచ్చింది. సెక్రటరీకి అమ్మమ్మ రెండు గ్లాసులిచ్చింది.

పరీక్ష రోజు సెంటర్ ఎంత దూరమని తాతని అడిగాను. "ఇక్కడే" అన్నాడు. ఆయన సంగతి తెలిసినదాన్ని కాబట్టి గంట ముందే బయల్దేరాను. గేటు దాటేసరికి తాత సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సీటు తుడిచి, టైర్లలో గాలి నింపి, వెనక క్యారియర్‌కి నా కోసం మెత్తగా గోనె కట్టి ఉంచాడు. ఏడు మైళ్లు. ఎక్కడా దిగకుండా తొక్కాడు. మధ్యలో ఇంకా ఎంతని అడిగితే, వగరుస్తూనే "దగ్గరే" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్లకి నిజంగానే దగ్గర.

ఫలితం గురించి మాత్రం అడక్కండి. క్రితంసారి రెండు మార్కులు తక్కువ. ఈసారి ఒక్కటి. దగ్గరే.