జాడించని జాకెట్లు

మా హాస్టల్ వార్డెన్ వారం రోజులు వీపు గోక్కుంటూ తిరగడానికి కారణం నేనేనని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతే ఆమె ఘాటు సబ్బుపొడి మానేసి కుంకుడుకాయల బస్తా తెప్పించింది.

ఆ ఉపాయం నాకు తొర్రూరు బస్సులో దొరికింది. పక్క సీట్లో ముసలామె, పెన్ను పట్టుకుంటే మండే నా వేళ్లను చూసింది.

“ఏంది బిడ్డా, తోలంత గిట్ల లేశింది?”

“వార్డెన్ తెచ్చే లూజు పౌడరు. ఆమె బట్టలు గూడ మేమే ఉతకాలె. మండుతుందంటే, మహారాణి చేతులా అని నవ్వుతది.”

“నేను బట్టలుతికే లాడ్జి సేటు గూడ గట్లనే నవ్విండు. ఆయన బనీన్లు గా పౌడర్లనే నానబెట్టి, జాడియ్యకుండ ఆరేసిన. మూడొద్దులు గోక్కున్నడు. నాలుగోనాడు కుంకుడుకాయలు తెచ్చిండు.”

మహబూబాబాద్‌లో దిగుతూ నా చెవి దగ్గరికి వంగింది.

“చీరెలు మంచిగ జాడియ్యి బిడ్డా. జాకెట్లు మాత్రం అస్సలు జాడియ్యకు.”